సర్దుబాటు రోజు

గుండీలమ్మంటే ఆ అయిదంతస్తుల బిల్డింగులో అందరికీ ప్రాణం. అంత ప్రాణం ఎందుకో ముందే చెప్పేసుకోవడం మంచిది, లేకపోతే అదేదో ఆప్యాయత అనుకుని ఎవరైనా కళ్ళు తుడుచుకోగలరు. ఆవిడకి కాదనడం చేతకాదు. అంతే సంగతి.

రెడీమేడ్ చొక్కాల షాపు నుంచి ఆవిడకి మూటలు వస్తాయి. చేత్తో కాజాలు కుట్టి, గుండీలు పెట్టి, దారాలు కత్తిరించి, మడతలు వేసి తిరిగి పంపుతుంది. కిటికీ పక్కన పీట వేసుకుని కూర్చుందంటే మళ్ళీ లేచేది పొయ్యి మీద గిన్నె కోసమో, చెల్లెలి మందు కోసమో. ఆ చెల్లెలికి చిన్నప్పటి నుంచీ ఆయాసం. ఊపిరికే కరువు గానీ నోటికి ఏ లోటూ లేదు. అక్కకి ఇవ్వాల్సిన నోరు కూడా దేవుడు పొరపాటున చెల్లెలికే ఇచ్చేశాడని షాపువాడు అంటుంటాడు.

సొంతిల్లు కొనుక్కోలేనివాళ్ళకి సర్కారు తక్కువ అద్దెకిచ్చే ఇళ్ళవి. రెండో అంతస్తులో ఉన్న ఆ రెండు గదులూ మొదట గుండీలమ్మ మొగుడి పేరున ఉండేవి. ఆయన పోయాక తన పేరుకి మార్పించుకోవడానికి హౌసింగ్ ఆఫీసు గుమ్మం అరిగిపోయేలా తిరిగింది. ఒక సంతకం పెట్టడానికి మూడు టేబుళ్ళ వాళ్ళు ఆవిణ్ణి బంతిలా ఒకరి మీదికొకరు విసురుకున్నారు. ఆ తిరుగుడులో ఆవిడకి ఒక్కటే బాగా తలకెక్కింది. ఈ ఇల్లు పోతే చెల్లెల్ని తీసుకుని వెళ్ళడానికి తనకి ఇంకో గది లేదు. అందుకే ఆఫీసువాళ్ళ షరతులన్నీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పాటించేది. గోడకి మేకు కొట్టాలన్నా అడిగి కొట్టేది.

మెట్లు కడగడం ఇంటింటికీ వంతు. మొదట్లో అందరూ కడిగారు. తర్వాత ఒకరికి నడుం నొప్పి, ఒకరికి చుట్టాలు, ఒకరికి తీరిక లేదు. తిరిగి తిరిగి వంతులన్నీ గుండీలమ్మ నెత్తినే పడ్డాయి. ఆవిడ కడుగుతుంటే ఆ తడి మెట్ల మీద మట్టి చెప్పులతో దిగుతూ “అబ్బ, అక్కయ్యకి ఎంత ఓపికో!” అని మెచ్చుకునేవారు. నోరు నొప్పెట్టదు కదా మెచ్చుకుంటే.

సరిగ్గా ఆవిడ నెత్తిమీద, మూడో అంతస్తులో, ప్రెసిడెంటుగారి కాపురం. దేశానికి కాదు లెండి, అద్దెకున్నవాళ్ళ సంఘానికి. ఎవరు ఎన్నుకున్నారని అడక్కండి. ఒకరోజు మైకు పట్టుకున్నాడు, ఇప్పటికీ దించలేదు. కింద మెట్ల దగ్గర ఆఫీసువాళ్ళు కట్టిన బోర్డు ఉంది. ఎడమ పక్క హక్కులు: రిపేర్లు చేయించుకునే హక్కు, ముందు చెప్పకుండా ఎవరూ ఇంట్లోకి రాకుండా ఉండే హక్కు, మన వాదన వినకుండా ఖాళీ చేయించకుండా ఉండే హక్కు. అవన్నీ ప్రెసిడెంటుకి కంఠతా వచ్చు. కుడి పక్క బాధ్యతలు. అవేమిటో కొత్తగా వచ్చినవాళ్ళకి తెలిసే దారి లేదు. వాటి మీద ప్రెసిడెంటుగారు రెండు చేతులూ జోడించి నవ్వుతున్న ఫ్లెక్సీ కట్టి ఉంది.

ఈ మహానుభావుడు తన బాత్రూములోంచి పైకి వెళ్ళే అందరి నీళ్ళ పైపుకి రహస్యంగా మోటారు బిగించుకున్నాడు. రహస్యమంటే బిల్డింగులో అందరికీ తెలిసిన రహస్యం. పై రెండంతస్తుల ఆడవాళ్ళు బిందెలు మోసుకుంటూ మెట్లెక్కుతుంటే “నీళ్ళు మన హక్కు!” అని వాళ్ళకే ఉపన్యాసం దంచేవాడు. మోటారు బిగించిన చోట కారిన నీళ్ళు స్లాబులోకి ఇంకి, గుండీలమ్మ లోపలి గది గోడలోకి దిగాయి. మొదట అరచేతంత మరక. తర్వాత గోడ గోడంతా నల్లబడి బూజు పట్టింది. చెల్లెలి మంచం ఆ గోడ పక్కనే.

గుండీలమ్మ భయపడుతూ భయపడుతూ పైకెళ్ళి చెప్పింది.

“అక్కయ్యా, ఎవరికి వారు ఫిర్యాదులు పెట్టుకుంటే మన ఐకమత్యం ఏం కావాలి?” అన్నాడు ప్రెసిడెంటు కాలు మీద కాలు వేసుకుని. “అందరివీ కలిపి ఒకేసారి గట్టిగా అడుగుదాం. అప్పటిదాకా కొంచెం సర్దుకుపో.”

“ఏం సర్దుకోమన్నాడు? ఊపిరా?” అంది చెల్లెలు, అక్క దిగివచ్చి చెప్పగానే. “వాడి బాత్రూము నీళ్ళు నా నెత్తిన కారుతుంటే ఐకమత్యమట, ఐకమత్యం! వెళ్ళి వాడి మంచం ఇక్కడ వేసుకోమను.”

గుండీలమ్మ మంచాన్ని ఎదురు గోడకి జరిపి ఊరుకుంది. అలా ఊరుకునే ఒక వానాకాలం గడిపేసింది. మంచితనమని ఆవిణ్ణి పొగిడేవాళ్ళున్నారు. దానికి అసలు పేరు మొహమాటం. ఆ మొహమాటం మీదే బిల్డింగంతా కాళ్ళు బారజాపుకుని కూర్చుంది.

ఒక మధ్యాహ్నం చెల్లెలు ప్రెసిడెంటుని తిడుతూ తిడుతూ మాట మధ్యలో ఆగిపోయింది. ఆ ఇంట్లో ఎన్నడూ జరగని పని అది. గుండీలమ్మ తలెత్తి చూస్తే చెల్లెలి పెదాలు నల్లబడ్డాయి. పీల్చే మందు అందించి, వీపు రాసి, మాట మళ్ళీ వచ్చేదాకా ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చుంది. ఆ సాయంత్రం వంటింట్లోకి వెళ్ళి, తలుపు వేసి, గొంతు తగ్గించి ఆఫీసుకి ఫోన్ చేసింది. తన ఇంటి గోడ బాగుచేయమని అడగడానికి దొంగలా గుసగుసలాడింది, చూడండి! అవతలివాడు ఆవులిస్తూ “వస్తారు లెండి” అన్నాడు. ఆఫీసువాడి “లెండి”లో ఎంత నిజం ఉంటుందో ఆవిడకి తెలుసు కాబట్టి ఎదురుచూడ్డం మానేసింది.

ఈలోగా సర్దుబాటు రోజు వచ్చింది. ఏటా ఒకసారి ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్షనుకి వస్తారు. ముందుగా చెప్పి మరీ వస్తారు. చెప్పిన రోజు పొద్దున్నే, ఇళ్ళలో ఉండకూడనివన్నీ గుండీలమ్మ లోపలి గదిలోకి చేరతాయి. దానికి బిల్డింగు పెట్టుకున్న ముద్దుపేరు సర్దుబాటు. ఆవిడ ఇల్లే ఎందుకంటే, వచ్చినవాళ్ళెవరూ అది చూడరు. గుమ్మంలోంచే “మీ ఇంటికేమమ్మా, అద్దంలా ఉంటుంది” అని టిక్కు పెట్టుకుని పోతారు. ఆవిడ ఇన్నేళ్ళూ నిజాయితీగా ఉండి సంపాదించుకున్న పేరు వీళ్ళకి గోడౌనులా పనికొచ్చింది.

ముందు కింది అంతస్తు మంగలి వచ్చాడు. ఇంట్లోనే షాపు నడుపుతున్నాడు కాబట్టి గిర్రున తిరిగే కుర్చీ మోసుకొచ్చాడు. “పిన్నిగారూ, ఒక్క గంట.” వెనకే ఎదురింటి మాస్టారు. తనకిచ్చిన ఇంట్లో ముగ్గురు కూలీలని అద్దెకి పెట్టుకున్న ఘనుడాయన. మూడు మడత మంచాలు తెచ్చి గోడకి నిలబెట్టాడు. తర్వాత ప్రెసిడెంటు, నీళ్ళు కారుతున్న మోటారుతో. ఆయన భార్య, పగలు కింద మేపి రాత్రి బాల్కనీలో ఉంచే కోళ్ళని బుట్టలో వేసుకుని.

“అక్కా, నువ్వు ఫోన్ చేశావు కదే. వాళ్ళు గోడ చూస్తామంటే?” అని చెల్లెలు గుసగుసగా అడిగింది.

“ఊరుకోవే. చేయగానే పరిగెత్తుకొచ్చే రకమా వాళ్ళు?”

“పోనీ వద్దని చెప్పు వీళ్ళకి.”

“గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాక ఎలా చెప్తానే?”

“నోటితో చెప్తారు!” అంది చెల్లెలు. ఈలోగా బుట్ట కూడా లోపలికి వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. కుర్ర మనిషి, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది, ఇంకా పని చేయాలన్న చాదస్తం పోలేదు. ప్రెసిడెంటు నమస్కారాలని దాటుకుని తిన్నగా రెండో అంతస్తుకి ఎక్కేసింది.

“గోడ తడుస్తోందని ఫోన్ చేసింది మీరే కదమ్మా? రెండు పనులూ ఒకే రాకలో అయిపోతాయని ముందు మీ ఇంటికే వచ్చాను. లోపలి గదేనా?”

వెనకాల మెట్ల మీద ప్రెసిడెంటు ముఖం చూడాల్సిందే. గోడ చూడ్డానికి తలుపు తీసిన ఇన్‌స్పెక్టరమ్మకి గోడ కనిపించలేదు. మంచాలు కనిపించాయి. కుర్చీ కనిపించింది. బుట్టలోంచి ఒక కోడి పలకరించింది కూడా.

“ఇదేంటమ్మా? మూడు మంచాలు! ఎవరికి అద్దెకిచ్చారు?”

“లేదండీ... ఎవరికీ...”

“పైగా షాపు కూడానా? చూడండి, సర్కారు ఇంటిని ఇంకొకరికి అద్దెకిచ్చి దాచారని తేలితే ఇల్లు రద్దు చేయమని నేను రాయాలి. ఇవి మీవి కాకపోతే ఎవరివో చెప్పండి.”

గుండీలమ్మ మెట్ల వైపు చూసింది. అందరూ అక్కడే ఉన్నారు. మంగలి పైకప్పులో ఏదో వెతుకుతున్నాడు. మాస్టారు ఊడిపోని చెప్పు సరిచేసుకుంటున్నాడు. ప్రెసిడెంటు భార్య మొగుడి వీపు వెనక్కి తప్పుకుంది. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, నోరు విప్పితే సరిపోయేది. అప్పుడు ప్రెసిడెంటు ముందుకొచ్చాడు. గుండీలమ్మకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

“మేడమ్, సంఘం తరఫున ఒక్క మాట,” అన్నాడాయన గొంతు సవరించుకుని. “చట్టాన్ని మేం గౌరవిస్తాం. ఎవరింటికి వాళ్ళే బాధ్యులు.”

బాధ్యత! బిల్డింగు పుట్టాక ఆ నోట్లోంచి ఆ మాట రావడం అదే మొదలు. వచ్చి వచ్చి చొక్కాలకి గుండీలు కుట్టుకునే మనిషి మెడ మీద పడింది. చెల్లెలు ఏదో అనబోయి దగ్గుతో మెలికలు తిరిగిపోయింది. గుండీలమ్మ ఆ దగ్గు విన్నది. రేపు ఆ దగ్గుతో చెల్లెలు ఏ వీధరుగు మీద కూర్చుంటుందో ఆవిడ కళ్ళకి కట్టింది. ఒళ్ళంతా భగ్గుమంది. ఇన్నేళ్ళూ మింగిందంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది గానీ, అలవాటు లేని నోరు కదా, మాట మాత్రం రాలేదు. విసురుగా లోపలికి వెళ్ళి కోళ్ళ బుట్ట ఈడ్చుకొచ్చి, గుమ్మం ముందు మూత తీసేసింది.

“వీళ్ళకి నోరు రావడం లేదు మేడమ్,” అంది. “వీటినే అడగండి.”

కోళ్ళు ఒక్క క్షణం తడబడ్డాయి. తర్వాత రోజూ సాయంత్రం తిరిగొచ్చే దారే కాబట్టి, జనం కాళ్ళ మధ్య నుంచి దూరి, మెట్లెక్కి, తిన్నగా మూడో అంతస్తుకి బయల్దేరాయి. పక్కకి తప్పుకోబోయి మాస్టారు ఒకదాని మీద కాలు వేయబోయాడు.

“అయ్యయ్యో, తొక్కకండి! అది నా కుంటిది!” అని ప్రెసిడెంటు భార్య కెవ్వుమంది.

ఇన్‌స్పెక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ కోళ్ళ వెనకాలే పైకి నడిచింది. అవి ప్రెసిడెంటుగారి తలుపు ముందు వరుసగా నిలబడి ముక్కులతో కొడుతున్నాయి. తలుపు తీయక తప్పలేదు. లోపల బాత్రూములో, మోటారు హడావిడిగా ఊడదీసిన చోట పైపుకి గోనెగుడ్డ కుక్కి ఉంది. అది పొద్దుటి నుంచీ చిమ్ముతూనే ఉంది. నేలంతా చీలమండల లోతు నీళ్ళు. అవి ఎవరి గోడలోకి దిగుతున్నాయో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

“ఎవరింటికి వాళ్ళే బాధ్యులని ఇప్పుడే అన్నారు కదండీ,” అంది ఇన్‌స్పెక్టరమ్మ. ప్రెసిడెంటు చేతులు జోడించాడు. ఈసారి ఫ్లెక్సీ మీది నవ్వు లేదు.

ఆ తర్వాత మంగలికి ధైర్యం వచ్చి, “కుర్చీ నాదేనండీ” అన్నాడు. మంచాలు మాత్రం ఎవరివీ కావు. మాస్టారు నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి చూస్తుండగానే ఆఫీసు బండిలో ఎక్కి వెళ్ళిపోయాయి. ఇంతా చేసి ఎవరినీ వీధిలో పడేయలేదు. తప్పులు సరిచేసుకోమని గడువిచ్చారు, ప్రెసిడెంటు చేత కింది గోడ బాగుచేయించారు. తప్పు ఒప్పుకుంటే పడే శిక్ష అంతే. దాన్ని తప్పించుకోవడానికి ఇద్దరు ఆడవాళ్ళ నెత్తిమీది కప్పు ఊడదీయడానికి ఆ పెద్దమనుషులు రెడీ అయిపోయారు.

గోడకి కొత్త సున్నం వేసిన రోజునే సంఘం మీటింగు పెట్టింది. గుండీలమ్మ ఐకమత్యానికి వెన్నుపోటు పొడిచింది కాబట్టి ఆ ఇంటివాళ్ళతో ఎవరూ మాట్లాడకూడదని తీర్మానం. ఆ కబురు చెప్పడానికి మంగలినే పంపారు. పాపం, మాట్లాడకూడదని చెప్పడానికైనా మాట్లాడాలి కదా.

అతను గుమ్మంలో తలవంచుకుని చెప్పింది గుండీలమ్మ శ్రద్ధగా విన్నది. చేతిలో చొక్కా, పళ్ళ మధ్య దారం. దారం తెంచి, సూది చొక్కాకి గుచ్చి లేచింది.

“ఇన్నాళ్ళూ మాట్లాడింది మాతో కాదు నాయనా, మా లోపలి గదితో,” అంది. “అదిప్పుడు మా చెల్లెలికి కావాల్సొచ్చింది. వెళ్ళి చెప్పు.”

తలుపు వేసింది. చప్పుడు చెయ్యకుండా ఏం కాదు, ధనామని వేసింది.