వలెన్సియాలో అడుగంటిన అన్నం

విశాఖ పోర్టులో క్రేన్ల పని చూసే మా ఆయన్ని శిక్షణ కోసం కొన్ని నెలలు స్పెయిన్‌లోని వలెన్సియాకు పంపారు. నేనూ బయల్దేరాను. అత్తమ్మను గాజువాక ఇంట్లో ఒక్కదాన్నే వదిలే ధైర్యం చాలక ఆవిడనీ వెంటబెట్టుకెళ్లాం.

మామయ్య పోయినప్పటి నుంచి ఆవిడ మాతో కలిసి తినడం మానేసింది. అందరికీ వడ్డించి, చివర్లో వంటింట్లో నిలబడే రెండు ముద్దలు మింగి చెయ్యి కడిగేసుకునేది. కూర్చోమంటే ఒకటే మాట. "మీరు తినీండి, నాను తరవాత తింతాను." ఆ తరవాత తినేదెంతో వదులైపోతున్న జాకెట్లే చెప్పేవి. మనిషి కళ్ల ముందే తరిగిపోతుంటే నాకు భయం వేసేది. బతిమాలీ బతిమాలీ విసుగూ వచ్చేది. ఊరు మారితేనన్నా మారుతుందేమోనని నా ఆశ.

ఆ ఊళ్లో నేను తిరగని సందు లేదు. పాతబస్తీ మన విశాఖ వన్ టౌన్‌లాగే ఇరుకు, కాకపోతే ఆటోలు లేవు. చేత్తో రంగులద్దిన పింగాణీ పలకలు అమ్మే కొట్లో గంటసేపు నిలబడి ఏమీ కొనకుండా బయటకొచ్చాను, కొట్టువాడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. పక్కనే చెక్కతో మడత విసనకర్రలు చేసే దుకాణం. అత్తమ్మ ఒకటి విప్పి, తనకు కాకుండా పక్కకు, ఎవరో కూర్చుని ఉన్నట్టు మెల్లగా విసిరింది. నేను చూస్తున్నానని తెలియగానే మడిచేసింది. "మన తాటాకుదానికున్నంత గాలి నేదమ్మీ" అంది. అయినా అదే కొంది.

ఆదివారం మ్యూజియంకి తీసుకెళితే, సముద్రపు ఒడ్డున ఎండ కాస్తున్నట్టు గీసిన బొమ్మ ముందు ఆవిడ ఆగిపోయింది. నేను దాని గురించి ఫోన్‌లో చదివి వినిపించబోయాను. "సదవకు, సూడనీ. మన భీమిలి ఎండలాగే ఉంది" అంది. నా పాండిత్యం అక్కడితో ఆగింది.

మ్యూజియం నుంచి భోజనానికి వెళ్లాం. ఊరి బయట వరి చేలు కనిపించినప్పటి నుంచీ ఆవిడకు ఆ ఊరంటే కాస్త గురి కుదిరింది. తగరపువలస దగ్గర పల్లెలో చేల మధ్య పుట్టి పెరిగిన మనిషి మరి. అక్కడి పేరున్న వంటకం పయేయా. పెద్ద పళ్లెమంత వెడల్పున్న మూకుడులో కోడిమాంసం, చిక్కుళ్లు వేసి వండే అన్నం. హోటల్ నడిపే పెద్దావిడే వండి, మూకుడు తెచ్చి బల్ల మధ్యలో పెట్టి, మా చేతుల్లో చెక్క గరిటెలు పెట్టింది. విడిగా పళ్లేలు లేవు. ఎవరి వైపు నుంచి వాళ్లు మధ్యకు తింటూ రావాలట.

అత్తమ్మ గరిటె పక్కన పెట్టేసింది. "అందరిదీ ఎంగిలి. మీరు తినీండి, నాను తరవాత తింతాను."

ఇంత దూరం వచ్చినా అదే పాట. నాకు ఏడుపొచ్చింది. మేమిద్దరమే తిన్నాం. మా వైపు అన్నం అయిపోయి అడుగు బయటపడింది. నల్లగా, గట్టిగా మాడి అంటుకుపోయి ఉంది. అది చూసి అత్తమ్మ కంగారుగా వంటగది వైపు తొంగిచూసింది.

"పాపం, అడుగంటిపోనాది. ఎవులైనా సూత్తే ఆవిడ్ని తిడతారు" అంటూ, మేము వద్దనేలోపే గ్లాసుడు నీళ్లు మా వైపు మాడు మీద పోసేసింది. ఇంట్లో మాడిన గిన్నె నానబెట్టినట్టే.

పెద్దావిడ నెత్తిన చేతులు పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆవిడ స్పానిష్‌లో మొత్తుకుంటుంటే, అత్తమ్మ భుజం తట్టి తెలుగులో ఓదార్చింది. "బెంగెట్టుకోకమ్మా, నానితే ఊడొచ్చేత్తాది." మా ఆయన నవ్వాపుకుంటూ ఫోన్‌లో అనువాదం చేసి చెప్పారు. ఆ మాడు కావాలనే పట్టించిందట. అందరూ పోట్లాడుకుని తినేది అదేనట.

అత్తమ్మ నవ్వలేదు. మూకుడులో తన వైపున ఎవరూ ముట్టని అన్నాన్ని చూస్తూ ఉండిపోయింది.

"మీ మావ కూడా మాడే కావాలనీవోరు" అంది చివరికి. "నైట్ షిఫ్ట్ సేసి పొద్దున్నొచ్చి, ఆవకాయేసి కలపమనీవోరు. గిన్ని మద్దిని ఎట్టుకుని ఇద్దరం తినీవోళ్లం. నాను ఇసురుతుంటే."

ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి నాకు ఈ సంగతి తెలియదు. ఆయన పోగానే ఆవిడ సత్తు గిన్నె అటకెక్కించి ఎలక్ట్రిక్ కుక్కర్‌కు మారితే, ఓపిక తగ్గిందనుకున్నాం. కుక్కర్‌లో అన్నం మాడదు.

మా వైపు మాడు నీళ్లపాలైంది. మిగిలింది ఆవిడ వైపుదే. అత్తమ్మ గరిటె అందుకుని, పైనున్న అన్నం పక్కకు తోసి అడుగు గీకి, ఓ ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. అదే గరిటెతో ఇంకో ముక్క గీకి నా వైపు జరిపింది.

"ఎంగిలి కదా అత్తమ్మా" అన్నాను.

"తిను" అంది.

తిన్నాను. కన్నీళ్లతో ఉప్పు కాస్త ఎక్కువైంది.

గాజువాక వచ్చిన కొద్ది రోజులకు, ఉదయాన్నే వంటింట్లోంచి మాడు వాసన. పరుగెత్తాను. పొయ్యి మీద సత్తు గిన్నె. కట్టేయబోతే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆపీకు. ఇంకాస్త పట్టనీ. నువ్వు ఆవకాయ తే."