కృష్ణగిరి నుంచి వచ్చిన ఉత్తరం

నేను ఏడో తరగతిలో బడి మానేసిన రోజు మా లెక్కల అయ్యవారు గుడిలో కొబ్బరికాయ కొట్టారని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను నమ్మను. ఆయన అంత ఖర్చుపెట్టే మనిషి కాదు. అలాంటి చదువు చదివినవాణ్ణి ఇరవై ఏళ్లుగా హోసూరులో ఒక ప్రభుత్వ ఆఫీసు గోడ పక్కన బల్ల వేసుకుని, జనానికి సర్కారు ఉత్తరాలు చదివి చెబుతున్నాను. నవ్వండి, పరవాలేదు. తర్వాత చెప్పబోయేది నవ్వుతూ చెప్పేది కాదు.

ఒక ఆడమనిషికి చేరాల్సిన ఉత్తరాన్ని నేను ఆరేళ్లు దాచిపెట్టాను. ఆ ఆరేళ్లూ అన్నం తిన్నాను, పండగలు చేశాను, బల్ల దగ్గర నలుగురినీ నవ్వించాను. అన్నిటి అడుగునా అది ఉంది. ఇంట్లో చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు ఏనాడూ నా బల్ల ముందు నిలబడినవారు కాదు, అందుకే నోరు వస్తోంది.

నా పని ఏమిటో ముందు చెప్పాలి. మా వైపు ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఆఫీసులో నడిచేది తమిళం. పాత పట్టా కావాలన్నా, పొలం కొలతల నకలు కావాలన్నా, ఎప్పుడో పోయిన తాత మరణ నమోదు కావాలన్నా, అది ఏ ఆఫీసులో ఏ రిజిస్టరులో ఉంటుందో కనుక్కుని తమిళంలో మను రాయాలి. మను అంటే అర్జీ. నేను రాస్తాను. జవాబు కూడా నా పేరు మీదే, పక్కనున్న టీ బంకు చిరునామాకు వస్తుంది. పల్లెకు పోతే ఎవరి చేతిలో పడుతుందో, ఎవరు చదివి పెడతారో అని వాళ్ల భయం. కవరు అందరి ముందే విప్పుతాను. గట్టిగా చదువుతాను. మధ్యమధ్యలో ఒక చురక. టీ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని అది వినడానికే వచ్చి నిలబడతారు. సర్కారు ఉత్తరాన్ని ఎవరూ వినోదం కోసం వినరు. నా దగ్గర వింటారు. అదే నా గొప్ప అనుకునేవాణ్ణి.

రత్నమ్మది ఉద్దనపల్లి దగ్గర ఒక పల్లె. భర్త పోయి ఏడాది అయిందప్పటికి. భర్తకూ, అతని అన్నకూ కలిపి ఎకరంన్నర చేను. రాగి, టమోటా పండేవి. కంప్యూటరులో తీసిన పట్టాలో బావ పేరు ఒక్కటే ఉంది. చేత్తో రాసిన పాత రిజిస్టరులో ఇద్దరి పేర్లూ ఉన్నాయని, తాను కళ్లారా చూశానని భర్త చెప్పేవాడట. ఊరి పెద్దలు ఒక మాట అన్నారు: రాగి కోత అయ్యేలోపల ఆ రాత చూపిస్తే సగం చేను నీది, చూపించలేకపోతే వాటా వదులుకుంటున్నట్టు విడుదల పత్రం మీద సంతకం పెట్టి ఇల్లు కూడా ఖాళీ చెయ్యాలి. ఆ పుట నకలు కోసం ఆమె నా దగ్గరికి వచ్చింది. సమాచార హక్కు కింద మను రాశాను. స్టాంపు అతికించి, రిజిస్టరు పోస్టులో పంపాను. అంతవరకు నేను మంచివాణ్ణే.

జవాబు వచ్చింది. ఆ రోజు బంకు దగ్గర జనం బాగా ఉన్నారు. కవరు చించి చదివాను. మీరు కోరిన రిజిస్టరు ఈ కార్యాలయంలో లేదు అని ఉంది. అంతే, నా నాలుక దురద పెట్టింది. సర్కారు దృష్టిలో నీ మొగుడు పుట్టనేలేదంట రత్నమ్మా, ఇన్నాళ్లూ ఎవరితో కాపురం చేశావు అన్నాను. ఒకాయనకు టీ పొలమారింది. రత్నమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఎందుకు నవ్విందో అప్పుడు ఆలోచించలేదు. నలుగురు నవ్వుతుంటే ఒంటరి మనిషి ఏం చేస్తుంది?

ఆ రోజు జరిగింది తప్పు కాదు, పొరపాటు. ఈ రెండు మాటల మధ్య తేడా నాకు తెలుసు. ఆ తేడాను పట్టుకుని వేలాడాలని చాలాసార్లు చూశాను కూడా.

మూడు వారాల తర్వాత ఇంకో కవరు వచ్చింది, కృష్ణగిరి రికార్డు గది నుంచి. అప్పుడు బల్ల దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. నవ్వించడానికి ఎవరూ లేరు గనక నెమ్మదిగా, పూర్తిగా చదివాను. మీ మను మాకు బదిలీ అయి వచ్చింది. మీరు కోరిన పుట మా వద్ద ఉంది. అందులో అన్నదమ్ములిద్దరి పేర్ల మీద ఉమ్మడి పట్టా నమోదై ఉంది. రుసుము కట్టి నకలు తీసుకోవచ్చు. రత్నమ్మ భర్త పేరు, వాళ్ల నాన్న పేరుతో సహా, స్పష్టంగా ఉంది. మొదటి ఉత్తరం వెతికి తీశాను. దాని వెనక పిన్నుతో గుచ్చిన రెండో కాగితం ఒకటి ఉంది. పాత రిజిస్టర్లు కృష్ణగిరికి వెళ్లాయనీ, మనును అక్కడికి పంపుతున్నామనీ అందులో రాసి ఉంది. నేను మొదటి కాగితంతోనే జోకు వేసి మడిచేశాను. ఒక్క కాగితం తిప్పడానికి ఎంతసేపు పడుతుంది?

రత్నమ్మ పక్కింటివాళ్ల ఫోన్ నంబరు నా పుస్తకంలో ఉంది. చెయ్యవచ్చు. చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదు? డబ్బు కోసమా? ఆమె బావ ముఖం కూడా నేను చూడలేదు. డబ్బే తీసుకుని ఉంటే కనీసం ఆశ అని ఒక కారణమైనా చెప్పుకునేవాణ్ణి. నాది అంతకంటే చిన్న కారణం. అప్పుడే ఎదురుగా డిగ్రీ చదివిన అబ్బాయి ఒకడు కంప్యూటర్ సెంటరు తెరిచాడు. జనం అటు పోవడం మొదలుపెట్టారు. వాడు తెర మీద కనిపించినంతే చదువుతాడు, కిందికి జరపడు అని నేను రోజూ వాణ్ణి ఏడిపించేవాణ్ణి. ఇప్పుడు నేను కాగితం తిప్పలేదని తెలిస్తే? ఆ బంకు దగ్గర, అదే మనుషుల ముందు, ఏడో తరగతివాడు సగమే చదివాడట అని ఒకడు అంటే చాలు. ఆ ఒక్క మాట పడకూడదని నేను చేసింది ఇది.

కోతకు ముందు సోమవారం రత్నమ్మ మళ్లీ వచ్చింది. కృష్ణగిరి ఉత్తరం నా మోచేతి కింద అట్టల ఫైలులోనే ఉంది.

"ఏమప్పా, ఇంగేమన్నా వచ్చిందా?"

"ఏం రావాలమ్మా?"

"కృష్ణగిరిలో పాత బుక్కులన్నీ పెట్టిన ఆఫీసు ఒకటి ఉండాదంట గదా. బస్సులో ఎవరో చెప్పినారు. ఆడికి ఒక మను రాసిస్తావా?"

"బస్సులో చెప్పేటోళ్లంతా కలెక్టర్లేనమ్మా. ఆ కండక్టరును అడిగింటే టికెట్టు వెనకే పట్టా రాసిచ్చేసేటోడు."

బంకు దగ్గర నవ్వులు లేచాయి. ఈసారి ఆమె నవ్వలేదు.

"ఎగతాళి చాలప్పా. రేపు నన్ను రిజిస్టరు ఆఫీసుకు రమ్మన్నారు. నిజం చెప్పు. దారి ఉండాదా, లేదా?"

"లేదమ్మా. ఉండింటే నేను చెప్పనా?"

ఉండింటే నేను చెప్పనా. ఆ రెండో వాక్యం ఎవరూ నన్ను అడగలేదు. లేదమ్మా అని ఊరుకుని ఉండవచ్చు. దాన్ని కూడా నేనే జోడించాను, ఆమె ఇంకొకరిని అడగకుండా ఉండాలని. అడిగితే ఎదురుగా ఆ కంప్యూటర్ అబ్బాయినే అడిగేది. రోడ్డు దాటితే చాలు. ఆమె సరేనప్పా అని తల ఊపి, బస్టాండు వైపు వెళ్లిపోయింది. పరిగెత్తితే అందుకునేవాణ్ణి. బస్సు కదలడానికి పావుగంట ఉందని కూడా నాకు తెలుసు. ఆ పావుగంటలో నేను ఇంకొకరికి రేషన్ కార్డు మను రాశాను. చక్కగా రాశానని ఆయన మెచ్చుకున్నాడు కూడా.

మరునాడు ఆమె సంతకం పెట్టింది. కొన్నాళ్లకు ఇల్లు ఖాళీ చేసి సూళగిరి వైపు వెళ్లిపోయిందని విన్నాను. ఆ మరుసటి ఏడు బావ చేను అమ్మేశాడు. ఇప్పుడు అక్కడ గోడ కట్టి, షెడ్డు వేశారు. రాయకోట వైపు పనిబడితే ఆ గోడ పక్కనుంచే బస్సు పోతుంది. నేను ఎప్పుడూ రెండో పక్క కిటికీ దగ్గర కూర్చుంటాను. కూర్చుంటే మాత్రం ఏమవుతుంది? గోడ కనిపించదు, అంతే.

అప్పటి నుంచి నేను ఏ కాగితాన్నీ తిప్పకుండా వదలను. ఖాళీ పుటను కూడా తిప్పి చూస్తాను. ఈయన దగ్గరికి పోతే ఒక్క అక్షరం జారదు అని జనం నలుగురికీ చెబుతారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను ఒక జోకు వేస్తాను. వేయకపోతే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఇంకొకరి చేను పోయిన తర్వాత నేర్చుకున్న జాగ్రత్తకు మెప్పు పొందడం ఎలా ఉంటుందో మీకు తెలియకుండా ఉండాలని కోరుకుంటాను.

పోయిన నెల సూళగిరి వెళ్లాను. ఎందుకు అప్పుడే వెళ్లానంటే నా దగ్గర మంచి జవాబు లేదు. ఫైలు సర్దుతుంటే ఆ కవరు చేతికి వచ్చింది. అంతకుముందు ఏటేటా వచ్చినట్టే. ఈసారి మళ్లీ లోపల పెట్టలేకపోయాను. రత్నమ్మ వరసగా ఉన్న బాడుగ గదుల్లో ఒకదాంట్లో ఉంది. గులాబీలు పెంచే షెడ్లలో పని చేస్తోందట. వేళ్ల నిండా ముళ్లు గీరిన చారలు. నన్ను గుర్తుపట్టి చాప వేసింది. కవరు ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి, చదివి చెప్పప్పా అని నాకే తిరిగి ఇచ్చింది.

చదివాను. పై వరస నుంచి కింద సంతకం దాకా, ఒక్క చురక లేకుండా. అలా చదవడం నాకు అదే మొదటిసారి. భర్త పేరు వచ్చిన చోట ఆమె చెయ్యి ఎత్తి, అది మళ్లీ చదువు అంది. మళ్లీ చదివాను. ఆ తర్వాత, ఇది ఎప్పుడు వచ్చిందో చెప్పాను. ఆమె ఆఖరిసారి అడిగిన రోజు ఇది ఎక్కడ ఉందో చెప్పాను. ఎందుకు దాచానో కూడా చెప్పాను. చెబుతుంటే ఆ కారణం ఇంకా చిన్నదైపోయింది.

ఆమె ఏడవలేదు. తిట్టలేదు. నేనే వాగడం మొదలుపెట్టాను. కృష్ణగిరికి రేపే పోదాం, నకలు తీద్దాం, పెద్ద ఆఫీసర్లకు మను రాస్తాను, పైసా తీసుకోకుండా ఎన్ని కావాలంటే అన్ని రాస్తాను అన్నాను. అప్పుడు ఆమె ఒక మాట అంది. ఆ మాట వల్లే ఇది రాస్తున్నాను. రాస్తే ఆమె చేను తిరిగి రాదు, నేను చేసింది మాసిపోదు. ఆమె క్షమించలేదు, నేను అడగనూ లేదు. కానీ ఆరేళ్ల తర్వాత, ఈ నాలుగు కాగితాలు రాసేసరికి, ఛాతీలో కొంచెం చోటు దొరికినట్టుంది. దొరికిందని చెప్పుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది.

ఉత్తరం మడిచి బొడ్లో దోపుకుంటూ రత్నమ్మ అంది:

"మను రాస్తావా? ఎవరి మీద రాస్తావప్పా? నీ మీద నువ్వే రాసుకునేకి చెయ్యొస్తుందా?"