కోబా కన్నా ఒక నీడ ఎక్కువ

పడవల్ని ఇంకా గుర్రాలతో ఇసుక మీదికి లాగే రోజులవి. హాలండు సముద్రపొడ్డున, కాట్వేక్‌లో వలలు బాగుచేసుకు బతికే మార్త్యేకి తోడికోడలు కోబా అంటే ఇష్టమే. కోబా ఇంట్లో పొయ్యి పైన వేలాడే బొమ్మంటేనే గిట్టదు.

ఆ వేసవిలో రొట్టెలవాళ్ళ మేడ మీద అద్దెకి దిగిన చిత్రకారుడు వెర్హూల్ దొర ఇద్దరినీ పెన్సిల్‌తో గీశాడు. కోబాని కూర్చోబెట్టి గీసిన బొమ్మలో గడ్డం కింద నీడ, కుచ్చిళ్ళలో నీడ, ఆఖరికి చేపల బుట్ట అల్లికలోనూ నీడే. అడగ్గానే ఆమెకిచ్చేశాడు. ఇసుకదిబ్బల్లో వంగి వల కుడుతున్న మార్త్యేని మాత్రం నాలుగు గీతల్లో తేల్చేసి, కాగితం సంచిలో పెట్టుకుని పోయాడు.

"నా దాకా వచ్చేసరికి పెన్సిల్ అరిగిపోయింది కాబోలు," అంది మార్త్యే కాఫీ తాగుతూ, బొమ్మ మీంచి చూపు తిప్పకుండా. వల కళ్ళు లెక్కపెట్టడానికి అలవాటుపడ్డ చూపది. గీత మీద అడ్డగీత ఎన్ని వరసలు పడిందో ఇట్టే పట్టేస్తుంది. మెడ దగ్గర మరీ దట్టం. చెంప మీద కాగితం తెలుపునే వెలుగుగా వదిలేశాడు.

"నువ్వు కదలకుండా ఉంటేగా అక్కా! నేను రాయిలా కూర్చున్నాను."

"పని పడ్డప్పుడల్లా నువ్వు రాయేగా. మీ ఆయన్నడుగు, చెప్తాడు."

కోబా పకపకా నవ్వింది. నవ్వుతుంది మరి, గోడ మీద బొమ్మున్న మనిషి.

చివరికి ఒకరోజు మార్త్యే లేసు టోపీ, పగడాల దండ పెట్టుకుని మేడ మెట్లెక్కింది.

"అయ్యగారూ, నాకు నీడలు కావాలి."

"ఎన్ని?" అన్నాడాయన నవ్వాపుకుంటూ.

"కోబా కన్నా ఒకటి ఎక్కువే."

మూడు పొద్దులు కూర్చుంది. మెడ పట్టేసినా కదల్లేదు. ఆయన గీస్తూ, వేలికొసతో రుద్దుతూ, అడిగినన్ని నీడలూ వేసి చేతికిచ్చాడు. చూసుకుంది. ప్రాణం చల్లబడింది. అప్పుడే కిటికీ పక్కన గుచ్చి ఉన్న పాత కాగితం కంటబడింది. ఆ నాలుగు గీతలే.

దగ్గరికెళ్ళింది. మెడ దగ్గర పల్చగా మొదలైన గీత వీపు మీదుగా ఎక్కడా ఆగకుండా దిగి, కుడి తుంటి దగ్గర తెగింది. మళ్ళీ ఎడమ కాలి మీద మొదలై, మొన కాగితంలోకి దిగబడేంత నల్లగా సాగింది. ఒంటి బరువంతా అక్కడే ఉంది. మడమ కింద మసకగా ఒకే ఒక్క నీడ. మంచు మీద జారిపడ్డప్పటి నుంచి ఉన్న ఆ కుడి తుంటి నొప్పి సంగతి ఆమె మొగుడికి కూడా చెప్పలేదు.

చేతిలోని కొత్త బొమ్మ వంక చూసింది. టోపీ బావుంది. టోపీ కింద ఎవరో ఉన్నారు.

"ఇది తీసుకుని అదిచ్చెయ్యండి."

"ఎవరడిగినా అదివ్వను మార్త్యే. అలాంటి గీత నాకు మళ్ళీ పడలేదు. రోజూ గీస్తూనే ఉన్నాను, పడదు."

తను గీసినదాని వైపే ఆయన కడుపుమంటగా చూశాడు. కోబా ఇంట్లో కాఫీ తాగేటప్పుడు తన మొహమూ ఇలాగే ఉంటుందేమో అనుకుంది మార్త్యే.

ఆదివారం కోబా వచ్చి కొత్త బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది.

"అబ్బో! నాకన్నా ఎక్కువే వేశాడు."

వేసవంతా మార్త్యే ఎదురుచూసిన మాటది. వచ్చింది గానీ, రుచి లేదు. మేడ మీద కిటికీ పక్కన కాగితంలో వంగి ఉన్న ఆ ఆడమనిషి మీదికి మళ్ళింది ఆమె కుళ్ళంతా.

"ఆయన దగ్గర నాది ఇంకోటుంది. ఇవ్వనన్నాడు."

"ఆ నాలుగు గీతలదా? ఇవ్వకపోతే పీడా పోయింది!"

అందులో ఏముందో చెప్పాలంటే ముందు తుంటి సంగతి చెప్పాలి. కోబా చెవిన పడితే పొద్దుగూకేలోగా ఊరంతా పాకుతుంది.

"అవునే," అంది మార్త్యే. "నాలుగే."