మా కారుకి కొత్త ముక్కు

మా మరిది కిశోర్ చందానగర్‌లో తన ఇంటికి కాఫీకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఒక కథ చెబుతాడు. "మా వదిన కుర్రాళ్ళ వేషాలకి పోయి, కారుకి బుర్రుమనే గొట్టం బిగించి, బంగారంలాంటి బండిని పాడుచేసింది" అని. శుద్ధ అబద్ధం. గొట్టం భేషుగ్గా ఉంది. బండి అంతకంటే భేషుగ్గా ఉంది. ఆ ఆదివారం నడిరోడ్డు మీద తుక్కుతుక్కైంది నా పరువొక్కటే. నా పరువు పోయిన కథని వాడు తప్పుగా చెబుతుంటే వినడం కన్నా, నేనే సరిగ్గా చెప్పుకోవడం మేలు కదా. కాస్త గుండె చిక్కబట్టుకుని వినండి.

నాది చిన్న ఎర్ర కారు. టర్బో పెట్రోలు, గేర్లు మనమే మార్చుకోవాలి. తెల్లాపూర్‌లో మా ఇంట్లోనూ, మాదాపూర్‌లో మా ఆఫీసులోనూ కలిపి చూసినా, నా మాటకి ఎదురు చెప్పకుండా నడుచుకునేది అదొక్కటే. అలాంటిదానికి ఎండాకాలం మొదలవుతూనే ఆయాసం పట్టుకుంది. గచ్చిబౌలి ఫ్లైఓవర్ ఎక్కమంటే, మోకాళ్ళ నొప్పులున్న మా పెద్దత్తయ్య మేడ మెట్లెక్కినట్టు, ఆగి, నిట్టూర్చి, మళ్ళీ ఆగి ఎక్కేది. వెనకనుంచి ఆటోలు హారన్ కొట్టేవి. ఆటోలండీ!

"అమ్మేద్దాం," అన్నారు మా ఆయన. ఆయనకి గేర్లు వాటంతటవే మారే పెద్ద బండి మీద ఎప్పట్నుంచో కన్ను. "కిశోర్ అడుగుతూనే ఉన్నాడు. ఇంట్లోవాడికిస్తే మనకీ తృప్తి."

"నా కారిచ్చి మీరు తృప్తి పడతారా?"

"పోనీ సర్వీసుకైనా తీసుకెళ్ళు."

"సర్వీసు దేనికి? దానికి గాలి చాలడం లేదు. రోగమేంటో నేను కనిపెట్టేశాను."

కనిపెట్టిందంతా ఆఫీసు క్యాంటీన్‌లో పెరుగన్నం తింటూ చూసిన ఒక వీడియోలోదే. టర్బో అంటే ఇంజనుకి బలవంతంగా గాలి తాగించే పంకా అట. కంపెనీవాళ్ళు పెట్టే గాలి గొట్టం సన్నగా ఉంటుందట. అది పీకేసి, బయట దొరికే పెద్ద గొట్టమూ మంచి ఫిల్టరూ పెడితే బండి లేడిపిల్లై గంతులేస్తుందట. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఏళ్ళ తరబడి ఇతరుల తప్పులు పట్టి జీతం తీసుకుంటున్నదాన్ని, ఒక కారు తప్పు పట్టలేనా?

ఈ సంగతి చెవిన పడ్డాక కిశోర్ ఊరుకుంటాడా? "అయితే పందెం వదినా. వచ్చే ఆదివారం ఫ్లైఓవర్ ఎక్కిద్దాం. దూసుకుపోయిందా, బండి నీది, నేనింక జన్మలో అడగను. ఇట్లనే దగ్గిందా, తాళాలు నావి."

"అలాగే. మీ అన్న సాక్షి."

నేను ఎంత మాటన్నానో నాకు సోమవారం తెలిసింది. గొట్టాల్లో ఇన్ని జాతులున్నాయని ఎవరు చెప్పారు నాకు? మా టీములో ఒకడు, "ఓపెన్ ఫిల్టర్ పెట్టించండి మేడం, మూత గీత ఏముండదు, గాలే గాలి" అన్నాడు. పక్క సీటామె గయ్యిమంది. "మూత లేకపోతే ఇంజను వేడిగాలే మళ్ళీ పీలుస్తుంది. మూసిన పెట్టెదే మంచిది." "దానికంటే బంపరు కిందిదాకా దిగే గొట్టం నయం, చల్లగాలి తగులుతుంది" అన్నాడు వాడు. "వానకి మన రోడ్లమీద చేరే నీళ్ళు కూడా తగులుతాయి, తాగి చచ్చిపోతుంది." వాళ్ళిద్దరూ మధ్యాహ్నందాకా కొట్టుకున్నారు. ఇద్దరి మాటా సబబుగానే అనిపించింది. నాకు ఇద్దరి మాటా సబబుగా అనిపించడం అదే మొదటిసారి. చాలా అవమానంగా ఉండింది.

శనివారం పొద్దున్నే కూకట్‌పల్లిలో యాదగిరి అనే ఆయన దుకాణానికి వెళ్ళాను.

"ఏం గావాలె మేడం?"

"గాలి."

"టైర్లకా?"

"ఇంజనుకి."

ఆయన సంతోషంగా మూడు పెట్టెలు తెచ్చి బల్లమీద పెట్టాడు. "గిది కాటన్ ఫిల్టర్. కడుక్కోవచ్చు. కడిగినంక నూనె రాయాలె."

"నూనె రాస్తే దుమ్ము అంటుకోదా?"

"అంటాలెననే గద రాసేది."

"ఆ నూనె ఇంజన్లోకి పోదా?"

"ఎక్కువ రాస్తె పోతది."

"ఎంత రాస్తే ఎక్కువ?"

"పోయేటంత."

ఇలాంటి జవాబులు మా ఆఫీసులో డెవలపర్లు చెబితే నేను తలుపేసి మరీ తిడతాను. ఇక్కడ మాత్రం బుద్ధిగా తలూపాను. నూనె అక్కర్లేని పొడి ఫిల్టరు అడిగితే, దానికి దుమ్ము త్వరగా నిండుతుందన్నాడు. చప్పుడు లేనిది అడిగితే, చప్పుడు లేకుంటే మార్చినట్టే తెలవదు గద అన్నాడు. చివరికి నేను దేన్నిబట్టి ఎంచుకున్నానో చెబితే మీరు నన్ను పుస్తకాలు చదివిన మనిషే కాదంటారు. నా కారు ఎరుపు. మూడింట్లో ఒక పెట్టె, దాని గొట్టం, ఎరుపు. చీరమీదికి జాకెట్టు గుడ్డ తీసినట్టు తీసేశాను.

పాతది విప్పడం మొదలుపెట్టిన కాసేపటికి పిలుపొచ్చింది. "మేడం, జర ఇటు రాండ్రి."

ఆయన చేతిలో పిడికిలంత నల్లగుడ్డ మూట. "పాత గొట్టం నోట్ల ఉండె. గిది కంపెనీ నుంచే వచ్చిందా?"

కంపెనీ నుంచి కాదు, ప్రొద్దుటూరు నుంచి వచ్చింది. ఉగాదికి మా అమ్మ తెచ్చింది. "ఎర్రబండి మే, కండ్లు పడతాయి. ముందర కట్టుకో" అని పటిక మూటకట్టి ఇచ్చింది. ముందర ఎలా కట్టను చెప్పండి? ఆ ముందు వారమే మా కాలనీ మీటింగులో, గేటుకి దిష్టి గుమ్మడికాయ కట్టాలన్న పెద్దమనుషుల్ని నిలబెట్టి కడిగేశాను. "కెమెరాలు పెట్టుకున్నాం కదా, ఇంకా గుమ్మడికాయ దేనికి?" అన్నాను. చప్పట్లు కూడా పడ్డాయి. ఆ సంగతి కిశోర్‌కి కూడా గొప్పగా చెప్పుకున్నాను. పోనీ పారేద్దామంటే చెయ్యి రాలేదు. అందుకని బానెట్ ఎత్తి, లోపల ఏదో కొక్కెంలాంటిది కనిపిస్తే దానికి కట్టేశాను. అమ్మ మాటా దక్కింది, కాలనీలో నా మాటా దక్కింది. ఆ దారం ఎప్పుడు వదులైందో, మూట జారి, గాలి పీల్చే గొట్టం నోట్లో లడ్డూలా ఇరుక్కుంది.

బుర్ర ఉన్నవాళ్ళెవరైనా ఆ క్షణాన, "ఓహో, ఆయాసం ఇందుకా" అనుకుంటారు. నేను అనుకున్నది, "అయ్యో, చూసేశాడు" అని.

"కంపెనీదే," అన్నాను.

"గట్లనా? ఏం పని జేస్తది మేడం?"

"తేమ పీలుస్తుంది."

"మంచిగున్నది! నేనెన్నడు చూడలె."

"కొత్తగా పెడుతున్నారు," అని, ఎవరో ఫోన్ చేసినట్టు చెవి దగ్గర పెట్టుకుని వీధిలోకి నడిచాను.

పని పూర్తయ్యాక యాదగిరి చేతులు తుడుచుకుంటూ, "కంపెనీల ఎట్లుండెనో అన్ని గట్లనే పెట్టిన, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. ఆ "అన్ని" అనే మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. యాక్సిలరేటర్ తొక్కితే కొత్త గొట్టం పులిలా గుర్రుమంది. చప్పుడు పెరిగింది కదా, వేగమూ పెరిగిందనుకున్నాను.

ఆదివారం వచ్చింది. నేను స్టీరింగు దగ్గర, మా ఆయన పక్కన, కిశోర్ వెనక. ఫ్లైఓవర్ మొదట్లో పులి గర్జించింది. సగం ఎక్కేసరికి పెద్దత్తయ్య వచ్చేసింది.

"గొంతు మాత్రం బాగొచ్చింది వదినా," అన్నాడు కిశోర్. "కాళ్ళే రాలా."

అవతలికి దిగి పక్కన ఆపాను. వాడు దిగి, అప్పుడే తనదైపోయినట్టు బానెట్ ఎత్తాడు. "అన్నా, ఇట్ల రా. కొత్త గొట్టం నోట్లో ఇదేందో మూట కట్టినారే! గట్టిగా, ప్లాస్టిక్ పట్టీలేసి మరీ!" గుడ్డ కాస్త పక్కకి లాగి చూశాడు. "పటిక!"

మా ఆయన మొహం ఎర్రబడింది. "షాపువాడి పనే ఇది. పద, వాడి సంగతి తేలుద్దాం."

"తేల్చుకోండి," అన్నాడు కిశోర్. "పందెం మాత్రం పందెమే. తాళాలు ఇటియ్యి వదినా."

"మూట తీసి మళ్ళీ ఎక్కిద్దాం."

"అదెట్ల? నీ కొత్త సామానుతో వచ్చిందే గదా ఆ మూట."

"దాంతో రాలేదు. పాతదాంట్లోనూ ఉండేది."

ఇద్దరూ నా వైపు తిరిగారు. తాళాలు నా పిడికిట్లో ఉన్నాయి. నోరు మూసుకుంటే కారు పోతుంది, పైగా అమాయకుడు యాదగిరికి అక్షింతలు పడతాయి. నోరు తెరిస్తే, నేను బతికున్నంతకాలం ఈ కుటుంబంలో ఏ వాదనా గెలవలేను.

"ఎవరు పెట్టినారు వదినా?"

"నేనే."

మా ఆయన ఫుట్‌పాత్ మీద కూర్చుని నవ్వారు. ఇస్త్రీ ప్యాంటని కూడా చూసుకోలేదు. కిశోర్ అయితే కళ్ళు తుడుచుకుంటూ, "కెమెరాలు పెట్టుకున్నారు కదా వదినా, ఇంకా పటిక దేనికి?" అన్నాడు.

మూట తీసి, వెనక్కి తిప్పి, మళ్ళీ ఎక్కించాను. ఏం చెప్పమంటారు? ఎగిరింది. కారు నాకే దక్కింది. దూకింది కొత్త గొట్టం వల్లో, మూట తీసినందువల్లో మాత్రం ఇప్పటికీ తేలలేదు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుందని నేను ఆఫీసులో రోజూ అరుస్తుంటాను. ఇప్పుడు కాస్త మెల్లగా అరుస్తున్నాను.

కావున, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి ఇందుమూలంగా ప్రకటించడమేమనగా: ఇకమీదట నా కారు బానెట్ కింద ఇంజను తప్ప ఇంకేదీ ఉండదు. అమ్మ ఇచ్చినా సరే, అమ్మమ్మ కలలోకొచ్చి ఇచ్చినా సరే.

దిష్టి గిష్టి నేను నమ్మను. ఆ సంగతి మా కాలనీ మొత్తానికీ తెలుసు. కానీ ఒక్కటి ఎవరైనా నాకు విడమరిచి చెప్పండి. ఉగాది నుంచి ఆ కారుమీద వెంట్రుకంత గీత లేదు. మూట తీసిన వారంలోనే, మా పార్కింగులో, అన్ని కెమెరాల ముందూ, డ్రైవరు వైపు తలుపు మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఎవరు గీశారు?