డాక్టరమ్మ గదిలో వెడల్పు బల్ల

"అక్కా, డాక్టరమ్మ పోయింది. ఇయ్యాల పొద్దుగాల్నే." బోధన్ బస్సు దిగి వచ్చిన మా తమ్ముడు గడపలోనే చెప్పాడు. నేను బడిపిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పెన్ను కింద పెట్టాను. ఏడుపు రాలేదు. ఆమెతో చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయిందని మాత్రం గుర్తొచ్చింది.

కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చిన కుటుంబం డాక్టరమ్మ వాళ్లది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి పోయే రోడ్డు మీద రెండు గదుల దవాఖానా పెట్టుకున్నారు. చెరుకు కాలంలో బండ్లు ఆమె గుమ్మం ముందు దాకా బారులు తీరేవి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా అమ్మతో మొదటిసారి అక్కడికి పోయాను. అమ్మది భారీ శరీరం. నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టరమ్మ ఎదురుగా చేతుల కుర్చీ ఒకటి ఉండేది. అమ్మ కూర్చోలేదు, నిలబడే ఉంది. మర్యాద కోసం అనుకున్నాను.

అప్పటి కంపౌండర్ అంతకుముందు చెరుకు కాటా దగ్గర పని చేసినవాడు. అక్కడ బండ్ల రొదలో రాసుకునేవాడికి వినపడాలని తూకం గట్టిగా అరిచి చెప్పాలి. ఆ అలవాటు ఇక్కడా పోలేదు. అమ్మను మిషను ఎక్కించి బరువు అరిచాడు. ఆ అంకె నేనిక్కడ రాయను. రోడ్డు మీద బండివాడెవడో, "గామెకు బండి సాలదు, లారీ తేవాలె!" అన్నాడు. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ నా వైపే చూసింది.

డాక్టరమ్మ నవ్వలేదు. "ముందు అన్నం తగ్గించమ్మా, ఆయాసం అదే పోతుంది" అని చీటీ రాసిచ్చారు. గుండె చూసే గొట్టం టేబుల్ మీదే ఉండిపోయింది.

రెండోసారి పోయేముందు అమ్మ రెండు రోజులు నీళ్లతోనే గడిపింది, తూకం తగ్గుతుందని. మళ్లీ అదే అరుపు, అదే చీటీ. మూడోసారి పోదామంటే, "నేనేమన్న చెరుకు బండినా బిడ్డా, కాటా ఎక్కనీకి?" అంది. ఆ చెరుకు కాలం ముగియక ముందే, వాకిట్లో పసుపు ఆరబోస్తూ ఛాతీ పట్టుకుని కూలబడింది. మళ్లీ లేవలేదు.

చాలా ఏళ్ల తర్వాత, పెళ్లయి టీచరునయ్యాక, నాకూ ఆయాసం మొదలైంది. ఒళ్లు కూడా అమ్మదే. మా అత్తమ్మ నన్ను ఆ దవాఖానాకే తీసుకుపోయింది. బరువు చూసే మిషను ఇప్పుడు తలుపు వెనక, పాత చీర ముక్క కింద ఉంది. చేతుల కుర్చీ లేదు, దాని జాగాలో కూర్చునేందుకు వెడల్పైన టేకు బల్ల. డాక్టరమ్మ నా ఛాతీ మీద, వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు.

"గదంత ఎందుకు డాక్టరమ్మా, తిండి తగ్గియ్యమని చెప్పుండ్రి" అంది అత్తమ్మ.

"సన్నవాళ్లకు ఆయాసమొస్తే ఏమేం చూస్తానో ఈమెకూ అవన్నీ చూడాలమ్మా. ముందు విననివ్వండి."

నాకు రక్తం తక్కువైందని తేలింది. మందులతో తేరుకున్నాను. ఆ తర్వాత నాలుగేళ్లు ఆమె దగ్గరికే పోయాను. మందు మోతాదు కోసం బరువు చూడక తప్పకపోతే, "చూడనా అమ్మాయ్?" అని అడిగేవారు. అంకె పైకి చదవకుండా కాగితం మీద రాసి మడిచేవారు.

ఒకరోజు ఆ బల్ల సంగతి అడిగాను. ఆమె కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు.

"ఒకావిడ ఇక్కడికి రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ నిలబడే ఉంది. కుర్చీలో పట్టదని నాకు తట్టనేలేదు. గుండె కూడా వినలేదు. ఆవిడ పోయిందని తెలిశాక ఈ బల్ల చేయించాను. ఆవిడ వెంట ఒక చిన్నపిల్ల వచ్చేది. నువ్వు గుమ్మంలోకి రాగానే గుర్తుపట్టాను అమ్మాయ్. ఆ రోజే చెప్పాల్సింది, ధైర్యం చాలలేదు."

నేను లేచి వచ్చేశాను. మళ్లీ పోలేదు. "మందులు ఆపొద్దని మీ అక్కకు చెప్పు" అని తమ్ముడితో రెండుసార్లు కబురంపారు. జవాబివ్వలేదు. ఆమె మీద కోపమనే అనుకున్నాను. అసలు సంగతి, ఆమె తన తప్పు ఒప్పుకున్నారు, నేను నాది దాచుకున్నాను. అమ్మను మూడోసారి ఆ గుమ్మం తొక్కనివ్వనిది కంపౌండర్ అరుపో, నా నవ్వో నాకిప్పటికీ తెలియదు. ఆ భారమంతా తనదే అనుకుని ఆమె వెళ్లిపోయారు.

మధ్యాహ్నం బస్సుకు బోధన్ పోయాను. అప్పటికే ఆమెను తీసుకుపోయారు. గది తలుపులు తెరిచే ఉన్నాయి, లోపల ఎవరూ లేరు. రోడ్డు మీద చెరుకు బండ్లు కదులుతున్నాయి. దూరంగా కాటా దగ్గర ఎవరో తూకం అరుస్తున్నారు. బల్ల మీద కూర్చున్నాను.

"ఆ రోజు నేను కూడా నవ్విన, డాక్టరమ్మా" అని పైకే అన్నాను.

నేను సన్నటి మనిషిని కాను. అయినా నా పక్కన ఇంకొకరు పట్టేంత జాగా మిగిలింది. కాసేపటికి చూసుకుంటే, ఎవరో కూర్చోబోతున్నట్టు, నేను ఒక అంచుకు జరిగి ఉన్నాను.