అత్తమ్మ బాప్తిస్మం, రెండు కెమెరాలు

మా సంఘంలో ఫోటోలు తీసే పని నాకు ఎవరూ అప్పగించలేదు. ఒక క్రిస్మస్ కూడికలో నా ఫోనుతో తీసిన ఫోటోలు బాగున్నాయని అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ప్రసంగం మధ్యలో మెచ్చుకున్నారు. అంతే. ఆ రోజు నుంచి ఎవరి పెళ్లయినా, ఎవరి పాపను ప్రార్థనకు తెచ్చినా, చివరికి మందిరానికి కొత్త ఫ్యాన్లు బిగించినా సరే, "అక్క ఏది? అక్కను పిలువుండ్రి" అనడమే. నేను గుండ్లపోచంపల్లిలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్ చూసుకుంటాను. వారమంతా నిలబడి చేసే పని. ఆదివారం ఆరాధనలోనైనా కాసేపు కూర్చుందామంటే అక్కడా నిలబడటమే అయింది.

బాప్తిస్మాల రోజు మరీ కష్టం. మా మందిరంలో తొట్టి లేదు. శామీర్‌పేట దాటాక సంఘస్తులొకరి పొలంలో నడుము లోతు కుంట ఉంది, అక్కడికే పోతాం. బాప్తిస్మం తీసుకునేవాళ్లు తెల్లబట్టలు కట్టుకుని ఒకరి తర్వాత ఒకరు దిగుతారు. అయ్యగారు ప్రార్థన చేసి, వెనక్కి వాల్చి, నీళ్లలో ముంచి లేపుతారు. లేచేటప్పుడు ఆ మనిషి ముఖం ఫోటోలో పడాలంటే గట్టు మీద నిలబడితే కుదరదు, అయ్యగారి వీపే వస్తుంది. అందుకని నేనూ మోకాళ్ల దాకా దిగేదాన్ని. పోయినసారి అలా దిగినప్పుడే బురదలో కాలు జారింది. పక్కనున్నవాళ్లు నన్ను పట్టుకున్నారు గాని, నా ఫోన్‌ను ఎవరూ పట్టుకోలేదు. దాన్ని బియ్యం డబ్బాలో పెట్టాను, ఎండకు పెట్టాను, మేడ్చల్‌లో రిపేరు షాపు చుట్టూ తిరిగాను. అది మళ్లీ వెలగలేదు.

ఇక సంఘానికి ఒక కెమెరా ఉండాల్సిందేనని పెద్దలు తీర్మానం చేశారు. తీర్మానం అక్కడ చేశారు గాని, తగవంతా మా ఇంట్లోకి వచ్చి పడింది. ఎందుకంటే ఆ పెద్దల్లో మా బావ ఒకరు, మా ఆయనకు అన్న. పాటల బృందాన్ని నడిపేది మా ఆడబిడ్డ, వాళ్లిద్దరికీ చెల్లెలు. ఆరాధన అయ్యాక అందరూ భోజనానికి చేరేది మా ఇంటికే, అత్తమ్మ ఉండేది మా దగ్గరే కాబట్టి.

బావది బోరు మోటార్లు బాగు చేసే పని. ఆయన చూసిన లోకంలో ఏ వస్తువైనా ఏదో ఒకరోజు నీళ్లు చేరే పాడవుతుంది. అందుకని జేబులో పట్టే చిన్న వాటర్‌ప్రూఫ్ కెమెరా తీసుకోవాలంటారు. ఆడబిడ్డ సుచిత్ర చౌరస్తాలో పెళ్లికూతుళ్లకు మేకప్ చేస్తుంది. పెళ్లి ఫోటోగ్రాఫర్ల చేతుల్లో పెద్ద పెద్ద మిర్రర్‌లెస్ కెమెరాలు చూసీ చూసీ, ఆమెకు ఇక వేరే కెమెరా ఏదీ కళ్లకు ఆనదు.

"అన్నా, నీ డబ్బా కెమెరాతోని మందిరంల తీస్తే ముఖాలన్ని అలికినట్టు వస్తయి. ట్యూబ్‌లైట్ల కింద అది పనిజెయ్యది. గా పెద్ద కెమెరా అయితే లెన్స్ మార్చుకోవచ్చు, ఎనక ఉన్నదంత మసకగ పోయి మనిషి ఎంత మంచిగ కొట్టొచ్చినట్టు వస్తడో తెలుసా? అయినా ఏడాదంతట్ల నీళ్ల పని ఎన్నిసార్లు ఉంటది?"

"ఉన్న ఆ ఒక్కరోజే గద ఫోన్ పాడయింది? నీ లెన్సుల సుక్క నీళ్లు వడ్డయనుకో, ఇగ అయిపాయె. నీళ్లు ఏడికెంచి సొర్రుతయో ఎవ్వలికి ఎర్కుండది చెల్లే. నేను దినాం సూస్త."

ఇద్దరూ చెప్పేది నిజమే. అదే నా ప్రాణానికి వచ్చింది. ఒకరు తప్పయితే రెండోవాళ్ల పక్షాన నిలబడి ఆ ముచ్చట ముగించేదాన్ని. ప్రతి ఆదివారం కోడికూర చల్లారిపోయేది. ఈమె ఒక వీడియో పెట్టేది, ఆయన దానికి పోటీగా ఎవడో సముద్రంలో మునిగి చేపల్ని తీసిన వీడియో పెట్టేవారు. శామీర్‌పేట కుంటలో చేపలెక్కడివి? రెండు ఫోన్లూ నా ముఖానికి అడ్డం పెట్టి చూడు చూడు అనేవాళ్లు. తీరా నేను నోరు తెరిస్తే, "నువ్వాగు వదినా, గిది నీకు సమజ్ గాదు" అనేది ఆడబిడ్డ. తీసేది నేను, తడిసేది నేను, సమజ్ కానిది కూడా నాకే. మా ఆయన్ని మధ్యలోకి లాగుదామని చూస్తే, "అన్నా చెల్లెండ్ల నడుమల నన్నెందుకు ఇరికిస్తవ్?" అని కంచం తీసుకుని టీవీ ముందుకు జరిగేవాడు.

ఒక ఆదివారం మా ఆయనతో సహా నలుగురం కలిసి సుచిత్రలో కెమెరాల షాపుకు పోయాం. సేల్స్‌మాన్ రెండు రకాలూ బల్ల మీద పెట్టాడు. బావ చిన్న కెమెరాను చేతిలోకి తీసుకుని, బ్యాటరీ మూత తెరిచి మూసి, దాని రబ్బరు సీలును గోరుతో తడిమి చూశారు. తర్వాత అక్కడున్న నీళ్ల గ్లాసు దగ్గరికి జరిపి, "దీంట్ల ముంచి సూపెట్టు" అన్నారు.

సేల్స్‌మాన్ కంగారుపడ్డాడు. "వద్దు సార్, షోపీస్ అది."

"వాటర్‌ప్రూఫే గద?"

"వాటర్‌ప్రూఫే సార్. కానీ లోపలికి నీళ్లు పోతే వారంటీ రాదు."

"నీళ్లు పోవు అంటవు. పోతే మాకు సంబంధం లేదంటవు. గిదేం లెక్క?"

ఆడబిడ్డ పకపకా నవ్వింది. ఆ నవ్వుకు బావ ముఖం గంటు పెట్టుకున్నారు. అది చాలదన్నట్టు ఆడబిడ్డ పెద్ద కెమెరాతో నన్ను షాపులో ఆ మూలా ఈ మూలా నిలబెట్టి, నవ్వమని, పక్కకు తిరగమని ఒకటే సతాయించింది. చివరికి ఏమీ కొనకుండానే బయటికి వచ్చాం. దారంతా కారులో ఎవరూ మాట్లాడలేదు. ఆ కాస్తసేపు మాత్రం నాకు హాయిగా ఉంది.

ఇక్కడ మా అత్తమ్మ గురించి చెప్పాలి. మా ఇంట్లో అందరికంటే ముందు మందిరానికి పోయింది ఆమే. పిల్లల్ని చంకనేసుకుని నడిచి పోయేదట. పిల్లలు ముగ్గురూ బాప్తిస్మం తీసుకున్నారు, ఆమె మాత్రం తీసుకోలేదు. చిన్నతనంలో నీళ్లు తోడుతూ వ్యవసాయ బావిలో పడిందట. ఎవరో జుట్టు పట్టుకుని పైకి లాగారట. అప్పటి నుంచి ఆమెకు నీళ్లంటే వణుకు. తలస్నానం కూడా కళ్లు తెరిచి, చిన్న చెంబుతో కొంచెం కొంచెం పోసుకుంటుంది. సంఘంలో అడిగీ అడిగీ అందరూ మానేశారు.

షాపుకు పోయొచ్చిన మరుసటి ఆదివారం అన్నాచెల్లెళ్లు మళ్లీ మొదలుపెట్టారు. నేను అత్తమ్మకు పెరుగు వేస్తున్నాను. ఆమె తల ఎత్తకుండా, అన్నం కలుపుతూ, "ఈపారి నేను గూడ నీళ్లల్లకు దిగుత" అంది.

నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. గరిటె చేతిలోనే ఆగిపోయింది. "ఏమన్నవ్ అత్తమ్మా?"

"బాప్తిస్మం తీసుకుంట అంటున్న. నువ్వు నా పక్కపొంటి ఉండాలె. నా చెయ్యి ఇడువద్దు."

"భయం గాదా?"

"అయితది. అందుకే నిన్ను ఉండుమంటున్న." తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "ఫోటో మాత్రం తియ్యాలె. కుత్బుల్లాపూర్ల మా చెల్లె ఉన్నది సూడు, అది నమ్మది. ఫోటో పంపియ్యాలె దానికి" అంది.

అటువైపు సీలు, లెన్సు, మసక, చుక్క అని కేకలు సాగుతూనే ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. "జర నోరు మూస్తరా! మీ అమ్మ బాప్తిస్మం తీసుకుంటదంట!" అని అరిచాను.

ఇద్దరూ ఆగిపోయారు. బావ కళ్లు తుడుచుకున్నారు. ఆడబిడ్డ వచ్చి అత్తమ్మ భుజం మీద తల పెట్టింది. అమ్మయ్య, తగవు తీరిందనుకున్నాను.

"గట్లయితే ఇగ వాటర్‌ప్రూఫే తీసుకోవాలె," అన్నారు బావ గొంతు సర్దుకుని. "అమ్మ మునిగేటప్పుడు దగ్గర్నుంచి తియ్యాలె గద."

"అమ్మ జీవితంల ఒక్కసారి తీసే ఫోటో డబ్బా కెమెరాతోనా?" అంది ఆడబిడ్డ.

నేను పెరుగు గిన్నె అక్కడే వదిలేసి మేడ మీదికి పోయి, ఆరేసిన బట్టల మధ్య కూర్చున్నాను.

ఆఖరికి అయ్యగారే నన్ను పిలిచి అడిగారు. "తీసేది నువ్వు గదమ్మా. నీకు ఏది కావాలె?" ఇన్నాళ్లకు ఒక మనిషి అడిగాడు! మిర్రర్‌లెస్ అని చెప్పాను. మా ఫోటోలు ఎక్కువగా మందిరం లోపలే, వెలుతురు తక్కువ. కుంట దగ్గర నేను ఎలాగూ తీయను, అత్తమ్మ చెయ్యి పట్టుకుని నీళ్లలో ఉంటాను. గట్టు మీది నుంచి ఆడబిడ్డ తీస్తుంది, అయ్యగారు కొంచెం పక్కకు తిరిగి నిలబడితే సరిపోతుంది. ఇదీ నా లెక్క.

సంఘం నేనన్నదే కొంది. ఆ ఆదివారం బావ మా ఇంటికి భోజనానికి రాలేదు. తర్వాతి ఆదివారం వచ్చారు, చొక్కా జేబులో పసుపు రంగు వాటర్‌ప్రూఫ్ కెమెరాతో. సంఘం కొనకపోతే తానే కొనుక్కున్నారు. ఆడబిడ్డ ఏదో అనబోతే నేను గుడ్లు ఉరిమి చూశాను.

బాప్తిస్మాల రోజు ఎండ బాగా కాసింది. అత్తమ్మ తెల్ల చీర కట్టుకుని నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు నా గాజొకటి చిట్లింది. ఆడబిడ్డ గట్టు మీద, మెడలో పెద్ద కెమెరాతో. బావ మా కంటే ముందే నీళ్లలో, చేతికి తాడుతో చిన్న కెమెరాతో. మోకాళ్ల లోతుకు రాగానే అత్తమ్మ ఆగిపోయింది.

"వద్దు బిడ్డా. పోదాం పా."

గట్టు మీద పాట పాడుతున్నవాళ్లు గొంతు తగ్గించారు. అయ్యగారు, "తొందరేం లేదమ్మా, నిలబడు" అన్నారు. నేను ఆమె చెయ్యి విడువలేదు.  ఆమె నీళ్ల వైపు చూడకుండా అటువైపు చెట్ల వైపు చూస్తూ నిలబడింది. కాసేపటికి తానే అడుగు ముందుకు వేసింది. మరో అడుగు వేసింది. నడుము దాకా వచ్చాక, "ఇగ జల్దీ ముంచుండ్రి అయ్యగారూ, మళ్ల మనసు మారుతది" అంది.

అయ్యగారు ముంచారు. నీళ్లలో ఆమె గిలగిల్లాడింది. ఆమె కాలు నా కాలికి బలంగా తగిలింది. బావ "అమ్మా!" అంటూ రెండు చేతులతో ఆమెను పొదివి పట్టుకున్నారు. ఆమె లేచింది, దగ్గింది, ముఖం మీది జుట్టు తోసుకుని, కుంట మొత్తం వినపడేలా "అయిపాయెనా?" అంది. గట్టు మీద స్తోత్రాలు మోగాయి. నాకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి.

గట్టెక్కాక ఫోటోలు చూశాం. బావ కెమెరాలో ఆయన బొటనవేలు, ఆకాశం, ఆ తర్వాత బురద నీళ్ల వీడియో. ఆడబిడ్డ కెమెరాలో అత్తమ్మ మోకాళ్ల లోతులో ఆగిన దాకా అద్భుతంగా ఉన్నాయి. ఆ తర్వాత ఏమీ లేవు.

"ఏడుపొచ్చింది వదినా. కండ్లకు ఏం గనవడలె."

"గందుకే చెప్పిన, నీ గట్టు మీది కెమెరాతోని..."

"నీ బొటనేలు మస్తు వచ్చింది అన్నా, ఫ్రేం కట్టించుకో!"

తడిసిన చీరతో, చిట్లిన గాజుతో నిలబడి ఉన్న నాకు ఓపిక పూర్తిగా అయిపోయింది. "ఇన్ని నెలలు నా నెత్తి తిన్నరు. ఇద్దరి చేతులల్ల రెండు కెమెరాలు పెట్టుకొని ఒక్కటంటే ఒక్క ఫోటో తియ్యలె. ఇగ ఇంకొక్క మాట మాట్లాడితే రెండూ కుంటల పారేస్త!" అన్నాను. సంఘమంతా నా వైపే చూసింది. చూస్తే చూశారు.

అత్తమ్మ తువ్వాలు కప్పుకుని వచ్చింది. "నా ఫోటో ఏది?"

మా ముఖాలు చూడగానే ఆమెకు అర్థమైంది. అయ్యగారి వైపు తిరిగి, "ఇంకొకపారి ముంచుండ్రి" అంది.

అయ్యగారు నవ్వి, "బాప్తిస్మం ఒక్కసారే అమ్మా" అన్నారు.

"అయితే నేనే మునుగుత. ఉత్తగనే. దానికేం అడ్డం లేదు గద?"

తువ్వాలు నా మీద పడేసి మళ్లీ నీళ్లలోకి నడిచింది, నీళ్లంటే జీవితమంతా భయపడ్డ మనిషి. బావ పరుగెత్తి పక్కన నిలబడ్డారు. నేను ఆయన చేతి నుంచి పసుపు కెమెరా లాక్కుని దిగాను. దిగుతూ ఆడబిడ్డతో, "నువ్వు గట్టు మీదికెంచి తియ్యి. ఈపారి ఏడ్వకు" అన్నాను. అత్తమ్మ ముక్కు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, తనంతట తాను బుడుంగున మునిగి లేచింది.

నేను తీసింది కొంచెం వంకరగా వచ్చింది, ఒక మూల నీటి చుక్క పడింది, కానీ అందులో ఆమె సగం నీళ్లలో, బుగ్గలు ఉబ్బించి ఉంది. ఆడబిడ్డ తీసిన దాంట్లో ఆమె ముఖం మీది ఒక్కో నీటిబొట్టూ విడివిడిగా కనబడుతుంది. వెనక చెట్లూ గట్టూ మసకగా కరిగిపోయాయి. పక్కనే ఉన్నందుకు నేను మాత్రం కరగకుండా స్పష్టంగా పడ్డాను.

సాయంత్రం రెండు ఫోటోలూ కుత్బుల్లాపూర్ పంపించాం. వెంటనే చిన్నత్తమ్మ ఫోన్ చేసింది. అత్తమ్మ స్పీకర్ పెట్టమంది.

"నిజంగనే మునిగినవ్ అక్కా! నాకైతే కండ్లల్ల నీళ్లొచ్చినయి," అంది ఆమె. తర్వాత, "గా పక్కకు ఎవలే, కండ్లు పెద్దగ జేసి కొట్టనీకి వస్తున్నట్టు నిలవడ్డది?" అని అడిగింది.

"మా కోడలే," అంది అత్తమ్మ. "పొద్దుగాల్నుంచి గట్లనే ఉన్నది."