ముందు నేలకు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినాక నన్ను పనిలో పెట్టుకున్న ఇంటామె, మేము 'మామా' అని పిలిచేది, కుటుంబంతో సహా సౌదీకి పారిపోయింది. నేను సరిహద్దు దాకా పోయే బస్సు ఎక్కినాను. నా పక్క సీటామెది పెరూ దేశమంట. కువైట్‌లోనే రిగ్గై అనే పేటలో వంటమనిషి. ఇద్దరికీ తెలిసింది పనోళ్ల అరబ్బీ ఒక్కటే.

ఎడారిలో బండ్లు బారులు కట్టి, బస్సు ఆగిపోయింది. నా నీళ్లు అప్పటికే ఖలాస్. ఆమె దగ్గర సగం సీసా ఉంది. కిందికి దిగి, మూత తీసి, ముందుగా ఇసుకలో కొంచెం ఒంపింది.

నాకు ఒళ్లు మండింది. రాయచోటిదాన్ని, బిందె నీళ్లకు కొట్లాడి పెరిగినదాన్ని. "పారబోస్తావా? పిచ్చా నీకు?" అని తెలుగులోనే అరిచినాను.

మాట అర్థం కాకున్నా ఆమెకు నా కోపం అర్థమైంది. "ముందు నేలకు, తర్వాత మనకు," అనింది అరబ్బీలో. వాళ్ల పూర్వీకులు 'ఇంకా' అనే జాతివాళ్లంట. కొండల్లో మెట్లు మెట్లుగా మడులు కట్టి పండించినోళ్లు. మొక్కజొన్న కల్లు తాగినా, ముందు నేలతల్లికి పోసేవాళ్లంట.

"నీళ్లు లేనప్పుడు కూడానా?"

"అప్పుడే పోయాల. రేపు కూడా తాగుతామని ఆమెకు చెప్పడం అది."

తాను తాగకుండానే సీసా నా చేతిలో పెట్టింది.

సరిహద్దు జనంలో ఆమె ఎటు పోయిందో తెలియదు. ఇప్పుడు ఎండాకాలం మా వీధికి ట్యాంకరు వస్తే, నా బిందెలోంచి ముందు దోసెడు నేల మీద పోస్తాను. వరసలో ఆడోళ్లు, "పారబోస్తావేందక్కా?" అని నా మీదికొస్తారు.

"రేపు కూడా వస్తుందిలే," అంటాను.